సింహాసనం నుంచి వార్డు దాకా: మజ్లిస్ తొంభై ఏళ్ల దారి

(హైదరాబాద్‌లో చరిత్ర అభిమానుల సమావేశంలో ఒక విశ్రాంత పాత్రికేయుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం, ఆదాబ్.

ఇస్లాం పేరు చెప్పి రాజకీయం నడిపిన రెండు ధోరణులు మన నిజాం గడ్డ మీదే పుట్టాయి. ఒకటి మౌలానా మౌదూదీది. ఆయన 1903లో ఔరంగాబాద్‌లో పుట్టారు. 1930లలో ఇదే హైదరాబాద్ నుంచి ‘తర్జుమానుల్ ఖురాన్’ పత్రిక నడిపారు. తరవాత పంజాబు వెళ్లిపోయి 1941లో లాహోర్‌లో జమాతే ఇస్లామీ స్థాపించారు. రాజ్యం ఎలా ఉండాలి, చట్టం ఎక్కడి నుంచి రావాలి, దేవుడి సార్వభౌమత్వం అంటే ఏమిటి అన్నవి ఆయన ప్రశ్నలు. రెండోది మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్, ఇప్పుడు మనం ఎంఐఎం అనే పార్టీ. దానికి షరియత్ రాజ్యం గురించిన బెంగ ఏనాడూ లేదు. ఈ రాజ్యం ఎవరి చేతిలో ఉంది, ఈ కచేరీలో కుర్చీ ఎవరిది, ఈ వార్డు ఎవరిది అన్నవే దాని ప్రశ్నలు. అందుకే మజ్లిస్‌ను అర్థం చేసుకోవడానికి మత గ్రంథాలు తిరగేయనక్కర్లేదు. జనాభా లెక్కలు, ఉద్యోగాల జాబితాలు, నియోజకవర్గాల సరిహద్దులు ముందు పెట్టుకుంటే చాలు. ఈ సాయంత్రం నేను చేయబోయేది ఆ పనే.

1927లో ఇది పుట్టినప్పుడు పార్టీ కాదు. నవాబ్ మహమూద్ నవాజ్ ఖాన్, మరికొందరు పెద్దలు కలిసి పెట్టుకున్న సంఘం. షియా, సున్నీ, మహ్దవీ అంటూ విడివిడిగా ఉన్నవాళ్లను ఒక వేదిక మీదకు తేవడం దాని లక్ష్యం. ఆ రోజుల్లో హైదరాబాద్ సంస్థానంలో బహిరంగ సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. ‘గస్తీ నిషాన్ 53’ అని ఒక ఉత్తర్వు ఉండేది. మన పెద్దల ఆత్మకథల్లో అది చాలాచోట్ల కనిపిస్తుంది. అందువల్ల అప్పట్లో పుట్టిన ప్రతి సంస్థా ‘మాకు రాజకీయాలతో పని లేదు’ అనే మొదలుపెట్టింది. ఆంధ్ర జనసంఘం గ్రంథాలయాలు అంది, ఆర్య సమాజం హోమాలు అంది, మజ్లిస్ ఐక్యత అంది. పదేళ్లు తిరిగేసరికి ముగ్గురూ రాజకీయాల్లోనే తేలారు. మన తెలుగువాళ్లం మొదటి రెంటి గురించీ బోలెడు రాసుకున్నాం. మూడోదాన్ని మాత్రం నేరుగా రజాకార్ల దగ్గరే మొదలుపెడతాం. మధ్యలో ఇరవై ఏళ్లు మింగేస్తాం.

ఆ ఇరవై ఏళ్లలో అందరికన్నా ముఖ్యుడు బహదూర్ యార్ జంగ్. ఆయన అసలు పేరు మహమ్మద్ బహదూర్ ఖాన్. 1905లో పుట్టారు. పఠాన్ జాగీర్దారు, మహ్దవీ శాఖకు చెందినవారు. మాటల మనిషి. మిలాద్ సభల్లో, అంటే ప్రవక్త జన్మదిన సభల్లో, ఆయన గంటలకొద్దీ మాట్లాడుతుంటే జనం కదిలేవారు కాదట. ప్రవక్త జీవితం మీద ఆయన ఉపన్యాసం విన్న నిజాం స్వయంగా బిరుదు ఇచ్చాడు. ఆ బిరుదే పేరుగా మిగిలింది. 1938 నాటికి మజ్లిస్ పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. మరుసటి ఏడే అఖిల భారత సంస్థానాల ముస్లిం లీగుకూ ఆయనే అధ్యక్షుడయ్యారు. జిన్నాకు సన్నిహితుడు.

ఆయన తెచ్చిన ఒక సిద్ధాంతం దగ్గర కాస్త ఆగుతాను. దాని పేరు ‘అనల్ మలిక్’, అంటే నేనే రాజును అని. హైదరాబాద్‌లో సార్వభౌముడు నిజాం ఒక్కడే కాదు, ప్రతి ముస్లిమూ అందులో భాగస్వామే, నిజాం ఆ సామూహిక అధికారానికి ప్రతీక మాత్రమే అన్నది దాని సారాంశం. వినడానికి రాజభక్తిలా ఉంటుంది. కాస్త లోతుగా చూస్తే రాజుకే గండి కొట్టే మాట. రాజు ప్రతీక అయితే, ఆ ప్రతీకను నడిపేది ఎవరు? మజ్లిస్. ఈ సంగతి నిజాంకు అర్థం కాకపోలేదు. జాగీర్దారు రాజకీయాల్లో తిరగకూడదన్న ఒత్తిడి వచ్చింది. ఆయన బిరుదు, జాగీరు రెండూ వదులుకున్నారు గానీ ఉపన్యాసాలు వదులుకోలేదు.

ఇక రెండో వైపు చూడండి. 1941 నాటికి సంస్థాన జనాభా కోటీ అరవై లక్షలు దాటింది. అందులో ముస్లింలు ఎనిమిదో వంతు. మిగతావాళ్లలో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే హిందువులు. పాలన భాష మాత్రం ఉర్దూ. పెద్ద కొలువులు ముస్లింలవి, ఊళ్లలో భూములు ఎక్కువగా హిందూ దేశ్‌ముఖ్‌లవి. ఇటువంటి చోట ‘ప్రతి ముస్లిమూ రాజే’ అంటే ఎనిమిది మందిలో ఏడుగురు ప్రజలు, ఒకడు రాజు అన్నట్టే. ప్రతి ముస్లిమూ రాజు అనిపించుకున్నాడే గానీ చార్మినార్ వెనక సందుల్లో బండి లాగే ముస్లిం బండే లాగాడు. ఈ వైరుధ్యాన్ని బహదూర్ యార్ జంగ్ గుర్తించలేదనుకోను. 1930ల చివర్లో మందుముల నరసింగరావు వంటి హిందూ నాయకులతో ఆయన రాజీ చర్చలకు కూర్చున్నారు. చర్చలు కొంత దూరం నడిచి ఆగిపోయాయి. ఆ వెంటనే స్టేట్ కాంగ్రెస్ మీద నిషేధం వచ్చింది, ఆర్య సమాజం సత్యాగ్రహం వచ్చింది, ఉస్మానియాలో వందేమాతరం గొడవ వచ్చింది. 1939 సంస్కరణల్లో శాసనసభలో హిందువులతో సరిసమానంగా ముస్లింలకు స్థానాలు ఇవ్వడానికి సర్కారు ఒప్పుకుంది. మజ్లిస్‌కు అది గెలుపు. నా లెక్కలో అది అతి పెద్ద నష్టం కూడా. రాజీ పడాల్సిన అవసరమే లేదన్న భ్రమ అక్కడ ముదిరింది.

1944 జూన్‌లో ఒక విందులో హుక్కా పీలుస్తూ బహదూర్ యార్ జంగ్ కుప్పకూలిపోయారు. వయసు నలభై కూడా నిండలేదు. విషం పెట్టారన్న అనుమానం అప్పుడు పుట్టింది. ఇప్పటికీ ముషీరాబాద్ వైపు పెద్దవాళ్లను కదిపితే ఆ మాటే చెబుతారు. ఆయన సమాధి ఉన్నది అక్కడే.

ఇంకో సంగతి మన పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. మజ్లిస్‌కు దళిత నాయకులతో పొత్తు ఉండేది. బి.ఎస్. వెంకటరావు చివరి నిజాం ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. శ్యాంసుందర్ ఐక్యరాజ్యసమితికి వెళ్లిన హైదరాబాద్ బృందంలో ఉన్నారు. సంఖ్య చాలనివాడు తోడు వెతుక్కుంటాడు, అది ఒక కారణం. సవర్ణ హిందువుల పెత్తనం వస్తే తమ గతి ఏమవుతుందన్న భయం దళిత నాయకుల్లోనూ ఉంది, అది రెండో కారణం. ఈ పోగును గుర్తుపెట్టుకోండి, నలభై ఏళ్ల తరవాత మళ్లీ తగులుతుంది.

ఇప్పుడు రజ్వీ. లాతూరులో వకీలు, అలీగఢ్‌లో చదివినవాడు. బహదూర్ యార్ జంగ్ తరవాత ఇద్దరు అధ్యక్షులు మారి, 1946లో ఖాసిం రజ్వీ వచ్చాడు. రజాకార్లు అప్పటికే ఉన్నారు, సేవాదళం లాగా. రజ్వీ వాళ్లకు ఆయుధాలిచ్చాడు. ఆ ఏడాదిన్నర కథ మీలో చాలామందికి ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. అందుకని ఒక్క రాత్రి గురించి మాత్రం వివరంగా చెబుతాను.

1947 అక్టోబర్ 27. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందానికి, అంటే ఉన్న సంబంధాలను ఏడాదిపాటు అలాగే ఉంచే ఒప్పందానికి, నిజాం కార్యనిర్వాహక మండలి అప్పటికే ఒప్పుకుంది. ప్రధాని ఛత్తారీ నవాబు, బ్రిటిష్ న్యాయవాది వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ తెల్లవారుతూనే ఢిల్లీ విమానం ఎక్కాలి. తెల్లవారుజామున మూడు గంటలకే వేలమంది జనం ఆ ముగ్గురి ఇళ్లను చుట్టుముట్టారు. లౌడ్‌స్పీకర్లలో నినాదాలు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. చివరకు వాళ్లను బయటికి తేవడానికి సైన్యం రావలసి వచ్చింది. విమానం వెళ్లలేదు. ఛత్తారీ నవాబు రాజీనామా చేసి పోయారు. రజ్వీకి నచ్చిన కొత్త బృందం ఢిల్లీ వెళ్లింది. అందులో ఒకరు పింగళి వెంకటరామారెడ్డి, మన తెలుగువారే. తమాషా ఏమిటంటే, నవంబర్ 29న సంతకమైన ఒప్పందం దాదాపు మొదట కాదన్న ఒప్పందమే. అక్షరాలు పెద్దగా మారలేదు. మారింది ఒక్కటే. మండలి తీర్మానాన్ని వీధి తిప్పికొట్టగలదని ఆ రాత్రి ఊరంతా చూసింది. అనల్ మలిక్ సిద్ధాంతం మొదటిసారి, చివరిసారి కూడా, అక్షరాలా అమలైంది. రాజు నిజంగానే ప్రతీక అయిపోయాడు.

తరవాత అంతా పతనమే. బంగాళాఖాతం అలలు మా ప్రభువు పాదాలు కడుగుతాయని రజ్వీ అన్నట్టు పత్రికల్లో వచ్చింది. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నడివీధిలో చంపారు. ఆయన రాసింది ఉర్దూలోనే, ఆయన ముస్లిమే. విలీనం కోరడం ఆయన చేసిన తప్పు. అదే నెలలో బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరివాళ్లను కాల్చి చంపారు. ఆ ఊరి బురుజు ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడండి. రజాకార్లు చాలాచోట్ల తెలంగాణ దొరలకు అండగా నిలిచి కమ్యూనిస్టుల మీద విరుచుకుపడ్డారు. అంతకు కొన్నేళ్ల ముందే విసునూరు దేశ్‌ముఖ్‌ మీద కోర్టుకెక్కి గెలిచినందుకు ప్రాణం పోగొట్టుకున్న బందగీ ముస్లిం రైతు. కనుక ఊళ్లలో గీత మతం వెంట పోలేదు, భూమి వెంట పోయింది. ఈ మాట ఎక్కడ చెప్పినా సభలో ఒకరిద్దరికి నచ్చదు. ఇక్కడా కొందరు కుర్చీల్లో కదులుతున్నారు. (నవ్వులు)

సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న అయిపోయింది. ఐదు రోజులు. ఆ ఐదు రోజుల తరవాత ఏం జరిగిందో కూడా చెప్పాలి, చెప్పకపోతే 1957 అర్థం కాదు. ప్రధాని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివర్లో తొమ్మిది జిల్లాలు తిరిగింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను రాసింది. చనిపోయినవాళ్ల సంఖ్యను తక్కువలో తక్కువ 27 వేలు, ఎక్కువలో 40 వేలు అని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాలోనే ఉంది. సంస్థాన సైన్యం రద్దయింది. 1949లో జాగీర్లు పోయాయి. వాటి మీద బతికిన గుమాస్తాలు, సిపాయిలు, వంటవాళ్లు, బండివాళ్లు అందరూ ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. బైరాన్‌పల్లి చెప్పి ఇది చెప్పకపోయినా, ఇది చెప్పి బైరాన్‌పల్లి చెప్పకపోయినా సగమే చెప్పినట్టు. పాపం, మన నగరంలో ఏటా సెప్టెంబర్ 17న రెండు రకాల సగాలూ వినబడతాయి.

మజ్లిస్ మూతపడింది. దాని కార్యాలయం దారుస్సలాం భవనం ప్రభుత్వం చేతికి పోయి, అగ్నిమాపక శాఖ చేతిలో ఉండిపోయింది. రజ్వీ మీద కేసులు నడిచాయి, బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష పడింది, ఎరవాడ జైలుకు వెళ్లాడు. బయట ప్రపంచం మారిపోయింది. 1956లో భాషా ప్రయుక్త రాష్ట్రాలొచ్చి హైదరాబాద్ రాష్ట్రమే మాయమైంది. ఔరంగాబాద్, నాందేడ్, పర్భణి, ఉస్మానాబాద్ బొంబాయి వైపు, బీదర్, గుల్బర్గా, రాయచూరు మైసూరు వైపు, మనం ఆంధ్రప్రదేశ్‌లోకి. నిజాం ముస్లింలు మూడు ముక్కలయ్యారు. మనం తెలుగువాళ్లం ఒక్కటయ్యామని పండుగ చేసుకున్న రోజు, వాళ్లు చెల్లాచెదురైన రోజు కూడా. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పాఠ్యపుస్తకాల్లో నవంబర్ 1 పక్కన అది రాసి ఉండదు కదా.

1957లో రజ్వీ విడుదలయ్యాడు, పాకిస్తాన్ వెళ్లిపోవాలన్న షరతు మీద. వెళ్లేముందు హైదరాబాద్ వచ్చి మిగిలినవాళ్లను కలిశాడు. మజ్లిస్ బాధ్యత అబ్దుల్ వాహిద్ ఒవైసీ అనే న్యాయవాదికి వచ్చింది. రజ్వీ కరాచీలో 1970లో చనిపోయాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ విమర్శకులు ఒక మాట అంటారు: పేరు అదే, పార్టీ అదే, మనసూ అదే అని. పార్టీవాళ్లు ఇంకో మాట అంటారు: అది వేరు, ఇది వేరు, పాకిస్తాన్ పోయేవాళ్లు పోయారు, ఈ దేశాన్ని నమ్మినవాళ్లం మిగిలాం అని. నాకు రెండూ అతుకులుగానే కనిపిస్తాయి. వాహిద్ ఒవైసీ కొత్త నియమావళి రాశారు, భారత రాజ్యాంగాన్ని అంగీకరించారు, పేరు ముందు ‘ఆలిండియా’ చేర్చారు. అది చిన్న మార్పేమీ కాదు. కానీ పేరు మాత్రం ఎందుకు వదులుకోలేదు? ఆ పేరు మీద ఉన్న మచ్చ తెలియనివాళ్లా? పేరుతోపాటు దారుస్సలాం ఆస్తి మీద హక్కు ఉంది, బహదూర్ యార్ జంగ్ జ్ఞాపకం ఉంది, అన్నిటికన్నా మించి ఓడిపోయినవాళ్ల గుండెలో ఒక గుర్తు ఉంది. వకీలు కదా, దేన్ని వదులుకోకూడదో ఆయనకు తెలుసు. కోర్టుకు వెళ్లి దారుస్సలాం తిరిగి తెచ్చుకున్నారు కూడా. 1958లో రెచ్చగొట్టే ప్రసంగాలన్న అభియోగం మీద ఆయన్ను అరెస్టు చేశారు. ప్రభుత్వం జైల్లో పెడితే నాయకుడు పుడతాడన్నది ఈ దేశంలో పాత పాఠమే.

1960లో కార్పొరేషన్ ఎన్నికలు. ఆయన కొడుకు సలావుద్దీన్ మల్లేపల్లి నుంచి గెలిచారు. 1962లో పత్తర్‌గట్టి నుంచి స్వతంత్ర అభ్యర్థిగా శాసనసభకు నిలబడి, మంత్రిగా ఉన్న కాంగ్రెస్ నాయకురాలు మాసూమా బేగంను ఓడించారు. పదేళ్ల ముందు రాజ్యం పోయిందని ఏడ్చిన జనానికి ఇప్పుడు నల్లా, మోరీ, వీధి దీపం దొరికాయి. నా ప్రసంగానికి పెట్టుకున్న పేరు ఇదే చెబుతుంది. ఎర్రకోట మీద జెండా ఎగరేస్తామన్న పార్టీ డ్రైనేజీ కోసం ధర్నా చేయడం నేర్చుకుంది. దీన్ని ఎగతాళిగా అనడం లేదు. ఆ మార్పు రాకపోయి ఉంటే అది ఏ అజ్ఞాత సంఘంగానో మిగిలేది.

డెబ్బైలు త్వరగా దాటేద్దాం. డెబ్బైల మధ్యలో తండ్రి పోయారు, కొడుకు అధ్యక్షుడయ్యారు, ‘సాలార్-ఎ-మిల్లత్’, అంటే సమాజానికి సేనాపతి, అయ్యారు. 1978లో రమీజాబీ ఘటన. నల్లకుంట ఠాణాలో ఆమెపై అత్యాచారం, పోలీసుల చేతిలో భర్త మృతి, ఆ వెనక అల్లర్లు. అక్కడి నుంచి 1990 డిసెంబర్ దాకా ఈ నగరానికి కర్ఫ్యూ అలవాటైపోయింది. ఒక వైపు గణేశ్ నిమజ్జనం ఊరేగింపు ఏటేటా పెద్దదైంది. దానికి పోటీగా మజ్లిస్ ‘పంఖా’ ఊరేగింపు తీసింది. రెండు ఊరేగింపుల మధ్య పాతబస్తీ దుకాణాల షట్టర్లు కిందికి దిగేవి. అప్పుడు నేను కుర్ర విలేకరిని. షట్టర్ మూసే చప్పుడును బట్టి గొడవ ఎంత దూరంలో ఉందో చెప్పగల సీనియర్లు మా డెస్కులో ఉండేవారు. 1990లో వందమందికి పైగా చచ్చిపోయారు, ముఖ్యమంత్రి చెన్నారెడ్డి గద్దె దిగారు. ఆ పన్నెండేళ్లలో మజ్లిస్ ఓట్లు పెరిగాయి, బీజేపీ ఓట్లూ పెరిగాయి. కార్వాన్‌లో బద్దం బాల్‌రెడ్డి మూడుసార్లు వరుసగా గెలిచారు. చనిపోయినవాళ్లలో ఈ పార్టీల నాయకులెవరూ లేరు.

1984లో సలావుద్దీన్ లోక్‌సభకు గెలిచారు, 2004 దాకా ఆ స్థానం వదల్లేదు. 1996లో వెంకయ్య నాయుడు కూడా అక్కడ నిలబడి ఓడిపోయారు. అదే 1984లో పార్టీ అధీనంలోని ట్రస్టుకు దక్కన్ మెడికల్ కాలేజీ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావు నెల రోజుల ముఖ్యమంత్రి అయ్యారు, మజ్లిస్ ఆయన వైపు నిలబడింది. రెండిటికీ సంబంధం ఉందని చెప్పుకోనివాళ్లు ఈ ఊళ్లో లేరు. కాలేజీ వెనక ఆసుపత్రులు, ఇంజనీరింగ్ కాలేజీ, సహకార బ్యాంకు, తరవాత ‘ఎతెమాద్’ దినపత్రిక. ఓట్లు అడిగే పార్టీలు మనకు చాలా ఉన్నాయి. ఓటరుకు ప్రసవం చేయించి, అప్పు ఇచ్చి, కొడుక్కి సీటు ఇచ్చి, పొద్దున్నే పేపరు కూడా వేసే పార్టీ ఇదొక్కటే అనుకుంటాను.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న పోగు ఇక్కడ తగులుతుంది. 1986లో కార్పొరేషన్ మజ్లిస్ చేతికి వచ్చినప్పుడు మేయర్ల వరుసలో కె. ప్రకాశ్‌రావు, ఎ. సత్యనారాయణ, ఆలంపల్లి పోచయ్య ఉన్నారు. ముస్లిం పార్టీ హిందువులను, దళితులను మేయర్ కుర్చీలో కూర్చోబెట్టింది. 2019లో మహారాష్ట్రలో ప్రకాశ్ అంబేడ్కర్‌తో కట్టిన పొత్తు కూడా ఈ దారిలోదే. అది ఎక్కువ కాలం నిలవలేదు.

బాబ్రీ మసీదు కూలాక పార్టీ చీలింది. పెద్దాయన సలావుద్దీన్ ఢిల్లీతో మెతకగా ఉన్నారని చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యే అమానుల్లా ఖాన్ 1993లో బయటికి వెళ్లి మజ్లిస్ బచావో తహ్రీక్ పెట్టారు. 1994 ఎన్నికల్లో తహ్రీక్‌కు రెండు సీట్లు, అసలు మజ్లిస్‌కు ఒక్కటే, చార్మినార్. ఆ ఒక్కటి గెలిచింది లండన్‌లో చదివి వచ్చిన సలావుద్దీన్ కొడుకు అసదుద్దీన్. 1999లో తమ్ముడు అక్బరుద్దీన్ అమానుల్లా ఖాన్‌ను ఓడించారు. చీలిక అక్కడితో సమసిపోయింది. 2009 నుంచి శాసనసభలో వాళ్ల లెక్క ఏడు. 2014లో ఏడు, 2018లో ఏడు, 2023లో ఏడు. రాష్ట్రం మారింది, ముఖ్యమంత్రులు మారారు, ఏడు మారలేదు.

ఆ ఏడు ఎలా నిలుస్తుందో చూడాలంటే ఉదయం పూట దారుస్సలాం వెళ్లాలి. ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు బల్లలు వేసుకుని కూర్చుంటారు. ఒకసారి ఒక కార్పొరేటర్ పక్కన కూర్చుని చూశాను. ఒక ముసలావిడ ప్లాస్టిక్ కవర్లోంచి కరెంటు బిల్లు తీసింది. రెండు నెలల బిల్లు ఒక్కసారి వచ్చింది, మీటరు తప్పు. ఆయన లెటర్‌హెడ్ మీద నాలుగు వరుసలు ఉర్దూలో రాసి, కింద ఏఈ గారికి రెండు వరుసలు ఇంగ్లీషులో రాసి, ముద్ర వేశాడు. తరవాత ఆసుపత్రి ఫీజు తగ్గించమని ఒకడు. వాడి తరవాత మెడలో కండువాతో ఒక కూరగాయల బండి మల్లేశ్‌ లాంటివాడు, ఠాణాలో బండి పట్టుకున్నారని. ఎవరినీ మతం అడగలేదు, ఏ గల్లీ అని అడిగారు. ఆ ముసలావిడ లేస్తూ ‘అల్లా చల్లగా చూడాలి బేటా’ అంది. ఆమె ఓటు ఏ ప్రసంగం మారుస్తుంది?

ఇదే వాళ్ల బలం. నా ఫిర్యాదు కూడా ఇక్కడే. మీటరు సరిచేయాల్సింది విద్యుత్ శాఖ. చీటీ లేకుండా ఆ పని అయితే ముసలావిడకు దారుస్సలాంతో పనే లేదు. పని చేయని ప్రభుత్వం, చీటీ రాసే పార్టీ ఒకరికొకరు ఆసరా. మెట్రో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగిపోతే, ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు ఏళ్ల తరబడి ఎందుకు కదల్లేదని అన్ని ప్రభుత్వాలతో స్నేహంగా ఉన్న పార్టీని అడగాలి కదా? మూడు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో పగ్గాలు ఎందుకని? ఈ నగరం నుంచి శాసనసభకు ఒక్క స్త్రీనీ ఎందుకు గెలిపించుకోలేదని? 2007లో ప్రెస్ క్లబ్‌లో తస్లీమా నస్రీన్ మీద ఎమ్మెల్యేలే దాడికి దిగారు. ఆ రోజు నా వృత్తి తరఫున సిగ్గుపడ్డాను, ఈ ఊరి తరఫున కూడా. 2012లో నిర్మల్‌లో అక్బరుద్దీన్ చేసిన ప్రసంగం కేసును 2022లో కోర్టు కొట్టేసింది. చట్టం దృష్టిలో అది ముగిసింది. ఆ ప్రసంగం వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది, ఎవరికి లాభమో మీకు తెలుసు.

స్నేహాల సంగతి వచ్చింది కనుక చెబుతాను. 2012లో చార్మినార్ దగ్గరి భాగ్యలక్ష్మి ఆలయం వివాదంలో కాంగ్రెస్‌కు మద్దతు ఉపసంహరించారు. తెలంగాణ ఏర్పాటును మొదట వద్దన్నారు, సమైక్యం మంచిదన్నారు, విడదీస్తే రాయలసీమతో కలిపి ఇవ్వమన్నారు. రాష్ట్రం వచ్చాక తొమ్మిదేళ్లు కేసీఆర్‌కు మిత్రులు. 2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ రాగానే అక్బరుద్దీన్ ప్రొటెం స్పీకర్. బీజేపీ ఎమ్మెల్యేలు ఆయన ఎదుట ప్రమాణం చేయబోమని బయటే ఉండిపోయారు. అధికారంలో ఎవరుంటే వాళ్లతో మాట కలపడం 1948 నేర్పిన పాఠమని నేననుకుంటాను. రాజధానితో తగువు పెట్టుకుంటే ఏమవుతుందో వాళ్ల తాతలు చూశారు.

బయటి రాష్ట్రాలకు విస్తరించిన తీరు చూస్తే ఇంకో ఆశ్చర్యం. 2012లో మొదటి పెద్ద గెలుపు నాందేడ్ కార్పొరేషన్‌లో, 11 స్థానాలు. 2014లో ఔరంగాబాద్ సెంట్రల్ అసెంబ్లీ. 2019లో ఇంతియాజ్ జలీల్ ఔరంగాబాద్ ఎంపీ. గోడ మీద పాత నిజాం పటం వేలాడదీసి ఆ ఊళ్లకు గుండుసూదులు గుచ్చండి. 1956లో తెగిన దారం వెంటే పార్టీ నడిచింది. బీహార్‌లో 2020లో ఐదు సీట్లు వచ్చాయి, అందులో నలుగురు రెండేళ్లు తిరక్కుండానే ఆర్జేడీలోకి పోయారు. పాత పటం బయట కాలు నిలపడం అంత తేలిక కాలేదు.

2022 సెప్టెంబర్ 17న ఆ రోజుకు ఏం పేరు పెట్టాలన్న గొడవ ముదిరినప్పుడు, జాతీయ సమైక్యతా దినం అనాలని అసదుద్దీన్ లేఖ రాశారు. పాతబస్తీలో మూడు రంగుల జెండాలతో ర్యాలీ తీశారు. 1857లో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ పేరు, మౌల్వీ అలావుద్దీన్ పేరు చెప్పారు. మజ్లిస్ వేదికల మీద బహదూర్ యార్ జంగ్ పేరు ఇంకా వినబడుతుంది. రజ్వీ పేరు వినబడదు. ఏ పార్టీ అయినా తన తాతల్లో ఎవరిని ఫొటో కట్టించుకుంటుందో, ఎవరిని అటక మీద పెడుతుందో చూస్తే సగం చరిత్ర తెలుస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: జిల్లాల్లో ఎందుకు పెరగలేకపోయింది?)

పెరగలేదనలేం. 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో నిజామాబాద్ కార్పొరేషన్‌లో బీజేపీకి 28, మజ్లిస్‌కు 16, అధికారంలో ఉన్న టీఆర్‌ఎస్‌కు 13 వచ్చాయి. భైంసాలో 26కు 15 గెలిచి మున్సిపాలిటీనే తీసుకున్నారు. కానీ చూడండి, రెండు చోట్లా ఎదురుగా నిలబడింది బీజేపీ. ఒకరు పెరిగితే రెండోవాళ్లు పెరుగుతున్నారు, పాతబస్తీలో ఎనభైల్లో జరిగిందే. నిజామాబాద్‌లో అందరికన్నా ఎక్కువ గెలిచిన బీజేపీకి మేయర్ పదవి దక్కలేదు. మజ్లిస్ మద్దతుతో 13 గెలిచిన టీఆర్‌ఎస్ దాన్ని ఎగరేసుకుపోయింది. మజ్లిస్ ఏం తీసుకుందంటారా? డిప్యూటీ మేయర్.